లండన్ పిల్లల దగ్గరికి వెళ్ళే విశాఖ పెద్దలకు: అక్కడి వసంతాన్ని చూసే పద్ధతి

విశాఖ నుంచి లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే పెద్దవాళ్ళు చాలామంది మే మూడో వారం దాటాకే విమానం ఎక్కుతారు. రోహిణీకార్తె ఎండలు తప్పుతాయి, మనవల బడి సెలవులకి అక్కడే ఉండొచ్చు అని ఆలోచన. మంచిదే. కానీ తోటలు, పూలదారులు చూడాలన్న కోరిక కూడా ఉంటే, అప్పటికి సగం పండగ అయిపోయి ఉంటుంది. ఇంగ్లండ్ వసంతంలో అసలు నెల ఏప్రిల్ 10 నుంచి మే 10 వరకూ. టికెట్ కొనేముందే ఈ సంగతి తెలియాలి, తర్వాత తెలిసి లాభం లేదు.

విజిటర్ వీసాకి ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోనిస్తారు. మామూలుగా 3 వారాల్లో నిర్ణయం వస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో బయల్దేరాలంటే సంక్రాంతి సందడి సద్దుమణగగానే కాగితాల పని మొదలుపెట్టాలి. అప్పన్న చందనోత్సవం చూడకుండా కదలం అనేవాళ్ళు వైశాఖ శుద్ధ తదియ ఏ తేదీన పడిందో చూసుకోండి. ఏప్రిల్ చివర్లో పడితే మర్నాడే బయల్దేరినా అజేలియా, విస్టీరియా పూలు దొరుకుతాయి. మే నెలలోకి జరిగితే బ్లూబెల్స్, అంటే అడవి నేల మీద పరుచుకునే నీలం పూల మీద ఆశ వదులుకోవాలి.

పూల వరస

అక్కడి పూలు తేదీ చూసి రావు, వరస తప్పకుండా వస్తాయి. ఫిబ్రవరిలో స్నోడ్రాప్స్, మార్చిలో డాఫొడిల్స్, మార్చి చివర మాగ్నోలియాలు. మనకి ఉగాదికి వేపపూత రాలే రోజుల్లో అక్కడ మాగ్నోలియా ఒక్క ఆకు కూడా లేకుండా కొమ్మ నిండా అరచేయంత పూలతో నిలబడి ఉంటుంది. ఏప్రిల్ మొదటి సగంలో తెల్ల చెర్రీలు, మూడో వారానికి ముద్ద గులాబీరంగు చెర్రీలు, తులిప్స్. ఏప్రిల్ చివర్లో బ్లూబెల్స్, వాటి వెనకే అజేలియాలు. మే మొదటి రెండు వారాల్లో పాత ఇళ్ళ ముఖాల మీద ఊదారంగు విస్టీరియా గుత్తులు. గులాబీలకి జూన్ రావాలి.

ఫిబ్రవరి, మార్చి వెచ్చగా గడిస్తే ఈ వరస మొత్తం ఒకటి రెండు వారాలు ముందుకొస్తుంది, చలి పట్టుకు కూర్చుంటే అంతే వెనక్కిపోతుంది. అందుకే ఆరు నెలల ముందు 'ఏప్రిల్ 22న ఫలానా తోట' అని రాసిపెట్టుకుని దానికే కట్టుబడితే నిరాశ తప్పదు. పిల్లల ఇంట్లో నెలల తరబడి ఉండేవాళ్ళకి పర్యాటకులకి లేని వీలుంది: ఆగొచ్చు. తోటల సొంత వెబ్‌సైట్లలో ఈ వారం ఏం పూసిందో రాస్తుంటారు. వారానికోసారి చూసుకుని, వాన లేని మామూలు పనిరోజు ఎంచుకోండి. పది తోటలు ఒక్కోసారి చూసేకన్నా మూడు తోటలకి మూడేసి వారాల తేడాతో రెండుసార్లు వెళ్ళడం మేలు. రెండోసారి వెళ్ళినప్పుడు అది వేరే తోటలా ఉంటుంది.

ఈస్టర్ నాలుగు రోజులు, మే మొదటి సోమవారం అక్కడ సెలవులు. ఆ రోజుల్లో పేరున్న తోటలు మన రామకృష్ణా బీచ్ ఆదివారం సాయంత్రంలా ఉంటాయి. ఇంట్లోనే ఉండండి.

క్యూ తోటని ఎలా నడవాలి

ఒక్క తోటకే వీలుంటే అది క్యూ గార్డెన్స్. 1759లో మొదలైంది, సుమారు 320 ఎకరాలు, 2003లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మన గోదావరి తీరంతో దానికో బంధం ఉంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో తోట పెంచి, ఇక్కడి మొక్కలకి స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ సేకరణలోని చిత్రాలు క్యూ భాండాగారంలో ఉన్నాయి.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొంటే గేటు దగ్గర కన్నా తక్కువ పడుతుంది. లండన్ ట్యూబ్ (మెట్రో) రైళ్ళ డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్లో దిగితే విక్టోరియా గేటు నెమ్మదిగా నడిచినా పది నిమిషాల లోపే. చాలామంది లోపలికి వెళ్ళగానే ఎదురుగా కనిపించే అద్దాల పామ్ హౌస్‌లోకి దూరిపోతారు. అక్కడే గంట గడిచిపోతుంది, తోట నైరుతి మూల బ్లూబెల్స్ దగ్గరికి చేరేసరికి కాళ్ళు లాగేస్తాయి. తిరగేసి నడవండి. పామ్ హౌస్ పక్కనుంచి చెర్రీ వాక్ అనే బాట పట్టుకుని టెంపరేట్ హౌస్ అనే ఇంకో అద్దాల ఇంటి దాకా వెళ్ళండి. అక్కడికి దగ్గర్లోనే చెట్ల కొమ్మల మధ్య 18 మీటర్ల ఎత్తున 200 మీటర్ల నడకదారి ఉంది. ఎక్కడానికి 118 మెట్లు. సింహాచలం మెట్లదారి ఎక్కినవాళ్ళకి ఇదో లెక్క కాదు. కానీ కాలికింద జల్లెడ లాంటి ఇనుప పలక, కింద నేల కనిపిస్తుంది, గాలికి కొంచెం ఊగుతుంది. కళ్ళు తిరిగేవాళ్ళు కిందే కూర్చోండి, పోయేదేం లేదు. అక్కణ్ణుంచి క్వీన్ షార్లెట్ కాటేజీ చుట్టూ ఉన్న అడవి భాగానికి వెళ్ళండి. ఏప్రిల్ చివర్లో బ్లూబెల్స్ అక్కడే. తిరుగుదారిలో రోడోడెండ్రాన్ లోయ, చివర్లో పామ్ హౌస్. అంతా కలిపి 5, 6 కిలోమీటర్లు. కూర్చుంటూ లేస్తూ నడిస్తే ఐదు గంటలు.

పామ్ హౌస్‌ని చివరికి పెట్టుకోమనడానికి ఇంకో కారణం ఉంది. బయట 12 డిగ్రీలు, లోపల మన ఆగస్టు నెల ఉక్కపోత. లోపల అడుగుపెట్టిన క్షణంలో కళ్ళజోడు, ఫోన్ కెమెరా అద్దం ఆవిరి పట్టి తెల్లబడిపోతాయి. చీర చెంగుతో తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. తుడవకుండా పది నిమిషాలు ఆగితే అద్దం వేడెక్కి దానంతటదే పోతుంది. స్వెటర్లు గుమ్మం దగ్గరే విప్పి చేతిలో పట్టుకోండి. ఆ చెమటతో మళ్ళీ చలిగాలిలోకి వస్తే వణుకు ఖాయం. అరటి, కొబ్బరి, మిరియం తీగె మనకి కొత్త కాదు గానీ, 1775లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన సైకాడ్ అనే తాటిచెట్టు లాంటి మొక్క ఇప్పటికీ కుండీలోనే ఉంది, దాని ముందు మాత్రం ఆగండి. పైకి పెరిగినకొద్దీ పక్కకి వాలిపోతుంటే ఊతకర్రలు కట్టి నిలబెట్టారు.

నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు ఉంటాయి, ముందే అడిగిపెట్టుకోవాలి. తోట మూసేవేళ నెలనెలా మారుతుంది, చివరి ప్రవేశం అంతకన్నా ముందే ఆపేస్తారు.

డబ్బు కట్టక్కర్లేని తోటలు

రిచ్‌మండ్ పార్క్ 2,500 ఎకరాలు. దాని మధ్యలో కంచె వేసి పెంచిన 40 ఎకరాల ఇసబెల్లా ప్లాంటేషన్‌కి టికెట్ లేదు. ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం అక్కడ సన్నటి కాలవలకి రెండు గట్ల మీదా అజేలియాలు గులాబీ, ఎరుపు, ఊదా రంగుల్లో నీళ్ళ మీదికి వాలిపోయి ఉంటాయి. బస్సు దిగినచోటు నుంచి పార్కులో కొంత దూరం నడవాల్సి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని పిల్లలు కారులో బ్రూమ్‌ఫీల్డ్ హిల్ పార్కింగ్ దాకా తీసుకెళ్తే దగ్గర. పార్కులో జింకలు వందల్లో తిరుగుతాయి. కంబాలకొండలో జింకని చూసిన ఉత్సాహంతో దగ్గరికి వెళ్ళకండి, బిస్కెట్లు పెట్టకండి. కనీసం 50 మీటర్ల దూరం పాటించాలని అక్కడి నియమం. ఎత్తు గడ్డిలో కూర్చోకండి. జింకల మీది గోమార్ల లాంటి పురుగులు, వాళ్ళు టిక్స్ అంటారు, కాలికి పట్టుకుంటే లైమ్ అనే అంటురోగం రావచ్చు. ప్యాంటు కాళ్ళు మేజోళ్ళలోకి దోపుకోవడం చూడ్డానికి బాగోదు గానీ పనిచేస్తుంది.

రిచ్‌మండ్ కొండ మీద నుంచి థేమ్స్ మలుపు తిరిగే దృశ్యం ఉంది. అది చెడిపోకుండా 1902లో పార్లమెంటు చట్టమే చేశారు. కైలాసగిరి మీద నుంచి తీరాన్ని చూసి మురిసిపోయే మనకి ఆ చట్టం విలువ వెంటనే తెలుస్తుంది. కొండ దిగి ఏటిగట్టు వెంట క్యూ వైపు నడిస్తే చదునైన దారి, గంట పైన పడుతుంది. ఒక్క జాగ్రత్త: అక్కడి థేమ్స్‌కి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో పెద్ద పోటు వచ్చి రిచ్‌మండ్ దగ్గర గట్టుదారి మీదికే నీళ్ళెక్కుతాయి. ఆ రోజు పోటు వేళ చూసుకుని బయల్దేరండి.

మిగతావి క్లుప్తంగా. డాఫొడిల్స్‌కి మార్చిలో సెయింట్ జేమ్స్ పార్క్. ముద్ద చెర్రీలకి ఏప్రిల్ మధ్యలో గ్రీనిచ్ పార్క్, రేంజర్స్ హౌస్ పక్కనున్న చెట్ల వరస. తులిప్స్‌కి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్, టికెట్ ఉంది కానీ లక్షకు పైగా గడ్డలు నాటుతారు. 1768లో నాటిన ద్రాక్షతీగె కూడా అక్కడే. పేరు విని ఏప్రిల్‌లో సిసింగ్‌హర్స్ట్ తెల్లపూల తోట కోసం పరిగెత్తకండి, అది జూన్ చివర్లో పూసేది.

బ్లూబెల్స్ దగ్గర పాటించాల్సింది

బీచ్ అనే చెట్లకి, ఓక్ చెట్లకి ఆకు పూర్తిగా రాకముందే ఎండ నేల దాకా దిగుతుంది. ఆ కొద్ది వారాల్లోనే బ్లూబెల్ పూసి, గింజకట్టి, గడ్డలోకి తిండి దాచుకోవాలి. పైన ఆకులు కమ్ముకున్నాక దాని పని అయిపోయినట్టే. అందుకే అన్నీ ఒక్కసారిగా పూసి, అడవి నేలంతా నీలం నీళ్ళు పారినట్టు కనిపిస్తుంది. గింజ నుంచి పువ్వు దాకా రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఫొటో కోసం రెండడుగులు లోపలికి వేస్తే నలిగేది పువ్వు కాదు, ఆకు. ఆకు నలిగితే గడ్డకి తిండి అందదు, మరుసటి ఏడాది పువ్వు రాదు, మెల్లగా మొక్కే పోతుంది. కాలిబాట మీదే నిలబడి, ఫోన్‌ని మోకాలి ఎత్తుకి దించి పక్కవాటుగా తీయండి. మనిషి పూల మధ్య నిలబడినట్టే వస్తుంది. గడ్డలు పెకలించడం 1981 చట్టం కింద నేరం.

ఒకసారి వంగి దగ్గరగా చూడండి. అసలైన ఇంగ్లిష్ బ్లూబెల్ కాడ గొడుగు పిడిలా ఒకవైపుకి వంగి ఉంటుంది. పూలన్నీ ఆ పక్కకే వేలాడతాయి. రేకుల కొసలు బయటికి చుట్టుకుని ఉంటాయి, లోపల పుప్పొడి మీగడ రంగు. కాడ నిటారుగా ఉండి చుట్టూరా పూలుండి పుప్పొడి నీలంగా ఉంటే అది స్పెయిన్ జాతి, తోటల్లోంచి తప్పించుకొచ్చింది.

క్యూ తోటలో కాకుండా పెద్ద అడవిలో చూడాలంటే హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌రిడ్జ్. ఉదయం 9 లోపు చేరితే జనం ఉండరు, వాసన కూడా తెలుస్తుంది.

ఊరి బయట నడకదారులు

ఇంగ్లండ్‌లో పొలాల మధ్య నుంచి, కొన్నిచోట్ల రైతు ఇంటి పెరటి పక్కనుంచి కూడా జనం నడిచే హక్కున్న బాటలుంటాయి. పసుపుపచ్చ బాణం గుర్తుంటే కాలిబాట, నీలం బాణమైతే గుర్రాలకి, సైకిళ్ళకి కూడా. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో ఇవి ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. ఆ పటంలో 4 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఫోన్లో పెట్టుకున్నా ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. గేటు మూసి ఉంటే దాటాక మూసేయాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి.

ఆవుల దగ్గర మనవాళ్ళు పొరపాటు పడతారు. వీధుల్లో ఆవు పక్కనుంచి ఒరుసుకుంటూ వెళ్ళడం, నుదురు తాకి దండం పెట్టుకోవడం మనకి అలవాటు. అక్కడ మేతబీళ్ళలో దూడలతో ఉన్న ఆవు మనిషికి అలవాటు పడింది కాదు. దూడకీ తల్లికీ మధ్యలోకి వెళ్తే మీదికొస్తుంది. దూరంగా అంచు వెంట చుట్టి పోండి, పరిగెత్తకండి.

సెవెన్ సిస్టర్స్ సుద్దకొండలకి లండన్ నుంచి రైల్లో సీఫర్డ్ చేరి బస్సులో ఎక్సీట్ వెళ్ళాలి. కొండల మీదుగా ఈస్ట్‌బోర్న్ దాకా 13 కిలోమీటర్లు, ఎక్కడం దిగడం ఏడుసార్లకి పైనే. పెద్దవాళ్ళకి అది వద్దు. ఎక్సీట్ నుంచి కక్‌మియర్ ఏటి వెంట సముద్రం దాకా చదునైన దారి, రానూపోనూ 4 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లటి కొండలు అక్కణ్ణుంచే బాగా కనిపిస్తాయి. కొండ మీదికి వెళ్ళేవాళ్ళు భీమిలి ఎర్రమట్టి దిబ్బల్ని గుర్తుచేసుకోండి. పైన గట్టిగా కనిపించే అంచు కింద వాన, గాలి తొలిచేసి ఉంటాయి. సుద్దరాయి కూడా అంతే, చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది. అంచుకి ఇరవై అడుగుల లోపుకి వెళ్ళకండి, కింద గోడకి ఆనుకుని కూర్చోకండి.

రెండు రాత్రులు కేటాయించగలిగితే ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న సరస్సుల సీమ, లేక్ డిస్ట్రిక్ట్. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి పెన్రిత్‌కి రైలు మూడు గంటల పైన, అక్కణ్ణుంచి 508 నంబరు బస్సు అల్స్‌వాటర్ సరస్సు గట్టునున్న గ్లెన్‌రిడింగ్‌కి. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొతీ 1802 ఏప్రిల్ 15న డాఫొడిల్స్ చూసింది ఈ సరస్సు ఒడ్డునే. ఏప్రిల్ మొదటి సగంలో వెళ్తే గ్లెన్‌కోయిన్ మీదుగా ఐరా ఫోర్స్ జలపాతం దాకా సుమారు 5 కిలోమీటర్లు నడిచి బస్సులో తిరిగిరండి. అడవి డాఫొడిల్ నగరంలోవాటికన్నా పొట్టిది, రేకులు పాలిపోయిన పసుపు. గట్టి కాళ్ళున్నవాళ్ళకి ఇంకో దారి ఉంది: గ్లెన్‌రిడింగ్‌లో లాంచీ ఎక్కి హౌటౌన్‌లో దిగి, ఒడ్డు వెంట 11 కిలోమీటర్లు వెనక్కి నడవడం. ముందు లాంచీ, తర్వాతే నడక. ముందు నడిస్తే చివరి లాంచీ అందదేమోనని దారంతా ఆదుర్దా.

రైలు ఖర్చుకి చిట్కా: 60 నిండినవాళ్ళు సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే టికెట్‌లో మూడోవంతు తగ్గుతుంది. ఏడాదికి 35 పౌండ్లు. స్టేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. లండన్ చుట్టుపక్కల పనిరోజు ఉదయం రద్దీ వేళ అది చెల్లదు. దాన్ని ఆయిస్టర్ కార్డుకి (లండన్ రైళ్ళు, బస్సుల ఛార్జీలు కట్టే కార్డు) జతచేయమని స్టేషన్ సిబ్బందిని అడిగితే రద్దీ లేని వేళల్లో ట్యూబ్ రైల్లో కూడా తగ్గుతుంది.

కాళ్ళు, బట్టలు, క్యారేజీ

ఏప్రిల్‌లో విశాఖలో పగలు 34 డిగ్రీలు, లండన్‌లో 15, రాత్రి 6. ఒక్క లావు కోటు పనికిరాదు. ఎండొస్తే ఉడికిపోతారు, మబ్బేస్తే వణుకుతారు. పల్చటి థర్మల్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చని స్వెటర్ లాంటిది), పైన వాన ఆపే జాకెట్, ఈ మూడు పొరలు చాలు. గొడుగు గాలికి తిరగబడుతుంది. చీరే కట్టుకునే అమ్మలు కింద ఉన్ని లెగ్గింగ్ వేసుకుని, చీరని చీలమండ పైకి కట్టుకోవాలి. అంచు ఒకసారి తడిసిందంటే సాయంత్రం దాకా ఆరదు. పల్లెబాటలకి మాత్రం సల్వారో ప్యాంటో నయం.

బూట్లు అక్కడ కొని మర్నాడే నడవడం వల్లే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఇక్కడే మీ కొలతకన్నా అర సైజు పెద్దవి, అడుగున లోతైన గాళ్ళున్నవి కొని, అవే మందపు మేజోళ్ళతో రెండు నెలలు తొడగండి. బీచ్ రోడ్డు చదును సరిపోదు. వారంలో రెండు రోజులు కైలాసగిరి మెట్లు ఎక్కి దిగండి, దిగడమే ముఖ్యం. మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. ఊతకర్రలు పెద్ద పెట్టెలో వేయండి, చేతిసంచిలో ఒప్పుకోరు. నడుస్తుంటే మడమ దగ్గర వెచ్చగా అనిపించగానే ఆగి టేపు వేసుకోవాలి. బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం లేదు.

ఉబ్బసం, తుమ్ములు ఉన్నవాళ్ళు మందులు, ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోండి. ఏప్రిల్‌లో బర్చ్ చెట్ల పుప్పొడి, మే మధ్య నుంచి గడ్డి పుప్పొడి గాలినిండా ఉంటుంది. ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కొద్దు. విజిటర్‌గా వెళ్ళి ఆసుపత్రిలో చేరితే బిల్లు మీదే.

పులిహోర కట్టుకెళ్దామనుకుంటారు. 10 డిగ్రీల చలిలో అన్నం మెతుకు రెండు గంటల్లో బిరుసెక్కి గింజలా తగులుతుంది, పెరుగన్నం గడ్డకడుతుంది. చపాతీలో కూర చుట్టుకోండి, లేదా వేడి ఉప్మాని వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టుకోండి. ఫ్లాస్కులో ముందు మరుగునీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, ఆ తర్వాత ఉప్మా నింపితే మధ్యాహ్నం దాకా వేడి నిలుస్తుంది. ఇంకో ఫ్లాస్కులో చారు. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళే సామాన్లలో నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు ఉండకూడదు, అక్కడి కస్టమ్స్ నిషేధం.

తిరుగు ప్రయాణంలో తులిప్ గడ్డలు

మొక్కల మీద ప్రేమున్న ప్రతివాళ్ళకీ ఈ కోరిక పుడుతుంది. తులిప్ గడ్డలో పువ్వు కాడ ఎదగాలంటే 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. జనవరి తెల్లవారుజామున కూడా విశాఖలో అంత చలి ఉండదు. ఫ్రిజ్‌లో మూడు నెలలుంచి కుండీలో పెట్టినా, మొలకెత్తాక మన ఎండకి కాడ సాగకుండానే మొగ్గ ఆకుల మధ్య మాడిపోతుంది. పైగా గడ్డలైనా, గింజలైనా, విమానాశ్రయం దుకాణంలో అందంగా కట్టి అమ్మే పొట్లమైనా సరే, మన దేశంలోకి తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి అధికారులిచ్చిన మొక్కల ఆరోగ్య పత్రం ఉండాలి. 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు అదే చెబుతోంది. రెండూ లేకపోతే కస్టమ్స్ దగ్గరే తీసేసుకుంటారు.